కదలని కంప్యూటరు

ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందే టీచరమ్మ పని మొదలుపెట్టేది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, పక్కన అచ్చు కాగితాలు పరిచి, ఎర్ర పెన్సిలు చెవి మీద దోపుకుని కూర్చునేది. చాలా ఏళ్ళు బడిలో భూగోళం చెప్పి రిటైరయిందావిడ. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు వేసే సంస్థ ఒకటి ఆవిడను వెతుక్కుంటూ వచ్చింది. పాఠాలూ పటాలూ అచ్చుకు వెళ్ళేముందు ఒకసారి సరిచూసి పెట్టమని అడిగింది. నదులు కొండెక్కకుండా, ఊళ్ళు సముద్రంలో పడకుండా కాపలా కాయడమే తన ఉద్యోగమని ఆవిడ నవ్వుతూ చెప్పేది.

ఆ రోజు పొద్దున్న ఒక నది పటం చూస్తూండగా తెర మీద నిలువుగా గీతలు పడ్డాయి. తర్వాత గీతలూ పోయాయి, నదీ పోయింది, తెర నల్లబడింది.

"ఏవండీ, ఇది పోయింది," అంది టీచరమ్మ.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. బజార్లో కొట్టు తీసేశాక తన పనిబల్లను ఇంటికి తెచ్చుకుని, ముందుగదిలో కిటికీ కింద వేసుకున్నాడు. అప్పటికే లేచి, కంటికి భూతద్దం బిగించుకుని ఓ చేతి గడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు.

"దాని ఆయుష్షు ఎప్పుడో తీరిందిలే టీచరమ్మా. మనవాడు వాడి వాడి వదిలేసింది కదా! గడియారమైతే నేను చూసేవాణ్ణి," అన్నాడు తల ఎత్తకుండానే.

నిజమే. అది కొడుకు పాత లాప్‌టాప్. దాని మూత కీలు ఊడిపోతే ఆవిడే టేపు చుట్టింది. రెండు అక్షరాల బొత్తాలు గట్టిగా నొక్కితే గానీ పలికేవి కావు. అయినా ఇన్నాళ్ళూ దాంతోనే నెట్టుకొచ్చింది.

ఈలోగా కొడుకు తయారై వచ్చాడు. అతను లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజినీరు. వారంలో సగం రోజులు ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు. వెనకే ఆసుపత్రి లాబ్‌లో పనిచేసే కోడలు, ఒకటో తరగతి చదివే మనవరాలు వచ్చారు. మనవరాల్ని ఇంటిల్లిపాదీ 'పిడుగు' అంటారు. అల్లరిలోనూ గొంతులోనూ పేరు నిలబెట్టే పిల్ల.

పళ్ళేలు, కప్పులు బల్ల మీదికి వచ్చాయి. టీచరమ్మ కాగితాలు దొంతర పెట్టి, చచ్చిన లాప్‌టాప్‌ను వాటిమీద పెట్టి, రెండూ ఎత్తుకుని లేచి నిలబడింది. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసి, ఎప్పట్లాగే తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టింది.

"అయితే కొత్తది కొనాల్సిందే. లాప్‌టాపే కొందాం," అన్నాడు కొడుకు, బ్రెడ్డు మీద వెన్న రాసుకుంటూ.

"డెస్క్‌టాప్ ఏం పాపం చేసింది?" అన్నాడు తండ్రి. "అదే ఖరీదుకి రెట్టింపు సత్తా ఉన్నది వస్తుంది. ఒక భాగం పాడైతే ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. లాప్‌టాప్ చేతి గడియారం లాంటిదిరా, ఏది పాడైనా మొత్తం పొట్ట కొయ్యాలి. డెస్క్‌టాప్ గోడ గడియారం. తాతలనాటిది కూడా ఇంకా గంటలు కొడుతూనే ఉంటుంది."

"గోడ గడియారానికి గోడ కావాలి కదా నాన్నా! ఎక్కడ పెడతావ్?"

తండ్రి గదంతా ఓసారి కలయజూశాడు. ఒక కిటికీ దగ్గర తన పనిబల్ల. రెండో కిటికీ దగ్గర చుట్టాలొస్తే పడుకునే మంచం. మధ్యలో సోఫా, టీవీ, పిడుగు చదువుకునే చిన్న బల్ల. "అదీ నిజమేలే," అని కప్పు అందుకున్నాడు.

"కానీ అత్తయ్య మెడ సంగతి చూడండి," అంది కోడలు. "రోజూ మైక్రోస్కోపు మీద వంగి వంగి నా మెడ ఎలా అయిందో నాకు తెలుసు. లాప్‌టాప్ తెర కిందకుంటుంది, ఆవిడ ఎప్పుడూ వంగే ఉంటారు. ఎదురుగా, కంటి ఎత్తులో ఉండే తెర అయితే..."

"దానికో స్టాండ్ దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో బోలెడు."

"లాప్‌టాపే కావాలి!" అని అరిచింది పిడుగు. "అప్పుడు నానమ్మ మంచం మీదికి తెచ్చుకుంటుంది. నేను బొమ్మలు చూస్తా."

టీ గిన్నె దించుతూ టీచరమ్మ నెమ్మదిగా అంది. "నాకైతే డెస్క్‌టాపే బాగుంటుందనిపిస్తోంది. పెద్ద తెర ఉంటే పటం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది."

"అమ్మా, నీకు తెలీదులే," అన్నాడు కొడుకు ముద్దుగా. "పటం పెద్దది చేసుకుని చూసుకోవచ్చు. నువ్వు ఊరుకో, నేను చూసుకుంటాగా!"

అంతలో ఎవరి టైము వాళ్ళకైపోయింది. ఒకరి బూటు దొరకలేదు, ఒకరి నీళ్ళ సీసా మూత దొరకలేదు. అన్నీ టీచరమ్మే వెతికి ఇచ్చింది. కంప్యూటర్ మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ వారమంతా ఆవిడ ఫోన్‌లోనే పని చేసింది. అరచేతిలో పట్టే తెర మీద నదులు వెంట్రుకల్లా కనిపించేవి. పటాన్ని పెద్దది చేస్తే నది పుట్టిన చోటు కనిపించేది, కలిసిన చోటు తెర దాటిపోయేది. చేసేది లేక పేజీలన్నీ వీధి చివర షాపులో అచ్చు తీయించుకుని, బల్ల ఖాళీగా ఉన్నప్పుడల్లా పరుచుకుని కూర్చునేది. బడి నుంచి పిడుగు వస్తే తీసేది. కూరలు తరగాలంటే తీసేది. సాయంత్రం ఎవరో గడియారం కోసం ఆయన దగ్గరికి వచ్చి కాసేపు కూర్చుంటే మళ్ళీ తీసేది. తీసిన ప్రతిసారీ కాగితాలు ఫ్రిజ్ మీదికి ఎక్కేవి. శనివారానికి నదుల పాఠం పూర్తిచేసి సంస్థకు పంపించేసింది.

ఆదివారం పొద్దున్న అక్కడి ఎడిటరు ఫోన్ చేసింది. టీచరమ్మ బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడింది.

"టీచరుగారూ, పాఠంలో ఒక పేజీకి మీ దిద్దుబాట్లు రాలేదు. మీరు చూసేశారనుకుని అలాగే అచ్చుకి పంపబోయాం. ఆఖరి నిమిషంలో మావాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. పటంలో నది సముద్రంలోంచి కొండకి పారుతోందండీ! బాణం గుర్తులన్నీ తిరగబడి ఉన్నాయి."

టీచరమ్మ అది ఏ పేజీయో అడిగి తెలుసుకుంది.

"మీ చేతి మీదుగా ఇలాంటిది ఎప్పుడూ వెళ్ళలేదు. అందుకే అడుగుతున్నా. ఒంట్లో బాగానే ఉంది కదండీ?"

ఎడిటరు నిష్ఠూరమాడినా బాగుండేది. జాలిగా అడిగింది. ఫోన్ పెట్టేసి వచ్చి ఫ్రిజ్ వెనక్కి తొంగిచూసింది. గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య, దుమ్ములో నిలువుగా ఇరుక్కుని కనిపించింది ఆ పేజీ. ఎవరో పైనున్న డబ్బా తీసుకుంటుంటే జారి ఉంటుంది. ఎవరని అడుగుతుంది? అడిగి ఏం చేస్తుంది? చీపురు పుల్లతో లాగి, దుమ్ము దులిపి, మడిచి పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం కొడుకు చంకలో పెట్టెతో వచ్చాడు. పెట్టెకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"అమ్మా, కళ్ళు మూసుకో!"

"నానమ్మా, మూసుకో, మూసుకో!" పిడుగు గెంతులేసింది.

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బల్ల మీద పెట్టె, పెట్టె మీద వెండి రంగు లాప్‌టాప్ బొమ్మ ఉన్నాయి.

"పువ్వంత బరువు కూడా లేదమ్మా! ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. కరెంటు పోయినా రోజంతా నడుస్తుంది. బల్ల మీద, మంచం మీద, వంటింటి గట్టు మీద, నీకు ఎక్కడ వీలైతే అక్కడ! ఎలా ఉంది?"

అందరూ ఆవిడ మొహం వైపే చూస్తున్నారు. ఆవిడ పెట్టెను ముట్టుకోలేదు.

"చాలా బాగుంది నాన్నా. వెనక్కిచ్చేసెయ్."

కొడుకు నవ్వు సగంలో ఆగిపోయింది. "అదేంటి? తెరిచి కూడా చూడకుండా?"

"తెరిస్తే తీసుకోరేమో. తెరవకుండానే ఇచ్చేసెయ్."

"అమ్మా, ఒంట్లో బాగాలేదా?"

పొద్దున్నుంచి ఆ ప్రశ్న రావడం అది రెండోసారి. టీచరమ్మ గొంతు పెరిగింది. "నా ఒంటికేం? నిక్షేపంలా ఉన్నా. నాకిది వద్దని చెప్తున్నానంతే!"

"వాడు అంత ప్రేమగా తెస్తే అలా అంటావేంటి?" అన్నాడు భర్త, పనిబల్ల దగ్గర్నుంచి లేచొస్తూ.

"ప్రేమ లేదన్నానా? డెస్క్‌టాప్ కావాలన్నాను. విన్నవాళ్ళెవరు?"

"సరే, డెస్క్‌టాపే కొందామమ్మా! ఎక్కడ పెడదామో చెప్పు," అన్నాడు కొడుకు. అతని గొంతులోనూ ఉక్రోషం వచ్చింది. "ఇల్లంతా చూపించు. చోటెక్కడుంది?"

"అదే నేనూ అడుగుతున్నా. చోటెక్కడుంది? కంప్యూటర్‌కి కాదురా, నాకు!"

ఆవిడ పనిబల్ల వైపు చెయ్యి చూపించింది.

"మీ నాన్నకి ఆ కిటికీ కింద బల్ల ఉంది. దాని మీద దుమ్ము తుడవాలన్నా నేను ఆయన్ని అడిగి తుడుస్తాను. నీకు గదిలో బల్ల ఉంది. పిడుగుకి ఇంకా అక్షరాలు కుదురుగా రావు, దానికీ ఓ బల్ల ఉంది. తప్పని కాదు, ఉండాలి. నేను మాత్రం పళ్ళెం వస్తే లేవాలి, కూరగాయలొస్తే లేవాలి, మనిషొస్తే లేవాలి. నా కాగితాలు ఫ్రిజ్ మీద, పప్పుల డబ్బాల పక్కన! అందులోంచి ఓ పేజీ జారి వెనక పడింది. నది సముద్రంలోంచి కొండకి పారుతుంటే చూడకుండా పంపేశాను. ఇన్నేళ్ళ నా చదువుకి ఆ ఎడిటరు పిల్ల ఫోన్ చేసి, ఒంట్లో బాగుందా అని అడిగింది." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఈ లాప్‌టాప్ మీ అందరికీ ఎందుకు నచ్చిందో తెలుసా? ఇది ఉంటే నన్ను ఎటైనా జరపొచ్చు."

"అంత మాటన్నావా?" అన్నాడు కొడుకు. "పిల్లలందరికీ ప్రపంచమంతా పటంలో చూపించావు గానీ నువ్వు ఏ ఊరూ చూడలేదు. నేను తిరిగే ప్రతి ఊళ్ళో అదే అనుకుంటాను. ఇదుంటే నువ్వూ ఎక్కడికైనా రావచ్చు, నాతో రావచ్చు, పని ఆగిపోతుందని ఇల్లు పట్టుకుని ఉండక్కర్లేదని తెచ్చాను. జరపడానికా?"

అతను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. గట్టిగా వెయ్యలేదు. నెమ్మదిగా వేశాడు, అదే టీచరమ్మను ఎక్కువ బాధపెట్టింది. ఎర్ర రిబ్బను పెట్టె బల్ల మధ్యలో అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి దాని చుట్టూ పళ్ళేలు పెట్టుకుని తిని లేచారు.

సోమవారం అందరూ వెళ్ళాక టీచరమ్మ కాగితాల సంచి భుజాన వేసుకుంది. "లైబ్రరీకి వెళ్తున్నా. అక్కడ కంప్యూటర్లున్నాయి," అని భర్తతో చెప్పి మెట్లు దిగిపోయింది.

ఆయన పనిబల్ల దగ్గర కూర్చున్నాడు గానీ పని సాగలేదు. పట్టకారుతో పట్టుకున్న మర మాటిమాటికీ జారిపోయింది. మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. ఆవిడ గొడుగు తలుపు వెనకే వేలాడుతోంది. మధ్యాహ్న భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళింది. ఇద్దరికీ డబ్బాలో భోజనం సర్ది, గొడుగు తీసుకుని ఆయన బయల్దేరాడు.

లైబ్రరీ పక్క వీధి చివరే. లోపల కంప్యూటర్ల గదికి అద్దాల తలుపు ఉంది. తలుపు తియ్యబోయి ఆయన ఆగిపోయాడు. టీచరమ్మ ఎదురుగా కనిపిస్తోంది.

పెద్ద తెర ముందు నిటారుగా కూర్చుంది. ఎడమ పక్క కాగితాలు, కుడి పక్క పెన్సిళ్ళు. ఓ కాగితం చూసి, తెర చూసి, టకటకా ఏదో కొట్టి, తనలో తనే తల ఆడించింది. అంతలో లైబ్రరీ ఉద్యోగి దగ్గరకొచ్చి ఏదో అడిగాడు. టీచరమ్మ తల తిప్పలేదు. ఒక వేలు పైకెత్తింది, ఆగమన్నట్టు. ఆ మనిషి మర్యాదగా నిలబడ్డాడు. ఆవిడ వాక్యం పూర్తిచేసుకుని, అప్పుడు కళ్ళజోడు సర్దుకుని అతని వైపు తిరిగి నవ్వుతూ జవాబు చెప్పింది.

గడియారాలాయన చేతిలో డబ్బా, గొడుగూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన కూడా రోజంతా అలాగే వేలెత్తుతాడు. మర చేతిలో ఉన్నప్పుడు ఎవరు పిలిచినా 'ఆగు' అంటాడు. అందరూ ఆగుతారు. కానీ తన భార్య ఎవరినైనా ఆగమనడం ఆయన ఇంతవరకూ చూడలేదు. ఇంట్లో ఎవరైనా 'అమ్మా' అంటే, 'నానమ్మా' అంటే, తను 'ఏమోయ్' అంటే, మాట పూర్తికాకముందే ఆవిడ కుర్చీలోంచి లేచి ఉండేది. ఎన్ని వాక్యాలు అలా సగంలో వదిలేసి లేచిందో!

ఆయన లోపలికి వెళ్ళలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని వాన చూస్తూ, ఆవిడ పని అయ్యేదాకా ఎదురుచూశాడు.

బయటికొచ్చిన టీచరమ్మ ఆయన్ని చూసి ఉలిక్కిపడింది. "ఎంతసేపైంది వచ్చి? పిలవలేదేం?"

"పనిలో ఉన్నావు కదా!"

ఆవిడ ఆయన మొహంలోకి ఓ క్షణం అనుమానంగా చూసి, పక్కన కూర్చుంది. డబ్బా తెరిచి ఇద్దరూ తిన్నారు.

"ఒకటడుగుతా, కోప్పడకు," అన్నాడాయన. "ఇన్నాళ్ళూ నోరు తెరిచి అడగలేదేం?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మరి అమ్మే అడగాల్సొస్తే ఎవర్ని అడగాలండీ? నాకు తెలీలేదు."

ఆయన డబ్బాకి మూత పెట్టాడు. "నా బల్ల తీసేసుకో. గాలి, వెలుతురు అక్కడే బాగుంటాయి. నేను ఎక్కడో ఓ మూల కూర్చుంటా."

టీచరమ్మ నవ్వేసింది. "మీ బల్ల నాకెందుకు? మీరు పారేసుకున్న మరలు ఏరుకోవడానికా? ఒకరి చోటు లాక్కుంటే నాకు నిద్ర పడుతుందా? ఇంకోటేదైనా చూద్దాం." అని, కాస్త ఆగి, "నిన్న వాణ్ణి చాలా మాటన్నాను. అది మాత్రం మనసులో ముల్లులా ఉంది," అంది.

సాయంత్రం కోడలు డ్యూటీ నుంచి వచ్చేసరికి, మామగారు ముందుగదిలో రెండో కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని, మంచం కేసి శత్రువును చూసినట్టు చూస్తున్నాడు.

"మావయ్యా, నేనూ దాని గురించే అనుకుంటున్నా పొద్దున్నుంచీ!" అంది కోడలు, బ్యాగు కూడా దించకుండా.

"ఏడాదికోసారి వచ్చే చుట్టాలకి కిటికీ పక్కన మంచముందమ్మా. రోజూ ఉండే మనిషికి బల్ల లేదు. ఇన్నేళ్ళూ ఈ మంచం నా కళ్ళెదుటే ఉంది. దీన్ని దాటుకునే రోజూ నా బల్ల దగ్గరికి వెళ్తున్నా!"

"మరి చుట్టాలొస్తేనో?" టీచరమ్మ వంటింట్లోంచి అడిగింది.

"నేల మీద పరుపులేసుకుందాం అత్తయ్యా. పడుకుని కబుర్లు చెప్పుకోవడానికి ఇంకా బాగుంటుంది."

"నేను కూడా కిందే పడుకుంటా!" పిడుగు అప్పుడే మంచం మీదెక్కి, ఆఖరిసారని గెంతడం మొదలుపెట్టింది.

ఆ గోలకి కొడుకు గదిలోంచి బయటికొచ్చాడు. చేతులు కట్టుకుని గడపలో నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పిలవలేదు. టీచరమ్మే చేతులు తుడుచుకుంటూ దగ్గరికెళ్ళింది.

"నాన్నా, నువ్వు తెచ్చింది మంచిది కాదని కాదురా. నువ్వు తిరిగే మనిషివి. నీకు మోసుకెళ్ళేది కావాలి. నేను ఒకచోట కూర్చోవాలనుకుంటున్న మనిషిని. ఇన్నేళ్ళు బడిలో నిలబడే చెప్పాను, ఇంట్లో నిలబడే తిన్నాను. నిన్న ఆ కోపంలో... జరపడానికన్నాను చూడు, అది నాకే వినడానికి బాగాలేదు."

కొడుకు కింది పెదవి కొరుక్కున్నాడు. "అమ్మా, నేను నిన్ను అడగాల్సింది."

"అడక్కపోయినా చెప్పానుగా. 'నీకు తెలీదులే' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. ముద్దుగానే అన్నావులే."

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కళ్ళు నిండాయి. చిన్నప్పుడు చేసినట్టే తల వంచి తల్లి భుజానికి నుదురు ఆనించాడు. ఇప్పుడు ఆవిడకంటే బాగా పొడుగు కాబట్టి అందుకు చాలా వంగాల్సొచ్చింది. "ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకున్నా గానీ, ఇక్కడ ఎలా ఉన్నావో చూడలేదమ్మా," అన్నాడు.

"ఏడుపులయ్యాక ఎవరైనా ఆ మంచం కాళ్ళు పట్టండర్రా," అన్నాడు తండ్రి.

కొడుకు గబగబా కళ్ళు తుడుచుకుని, లోపల్నుంచి తన కొలత టేపు తెచ్చాడు. లిఫ్టులు దిగే బావుల్ని కొలిచే చెయ్యి అది. కిటికీ వెడల్పు, గోడ పొడవు, తల్లి కూర్చుంటే మోచెయ్యి నేలకెంత ఎత్తులో ఉంటుందో, అన్నీ కొలిచాడు. "తెర కిటికీకి ఎదురుగా పెడితే వెలుగు కొడుతుంది, పక్కకి పెట్టాలి," అంది కోడలు. "ప్లగ్గు ఇటుంది కదా!" అన్నాడు భర్త. టీచరమ్మ మధ్యలో నిలబడి ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఇంతమంది తను కూర్చోవడం గురించి వాదించుకోవడం ఆవిడకు కొత్తగా ఉంది.

మర్నాడు లాప్‌టాప్ పెట్టె పట్టుకుని తల్లీ కొడుకులు షాపుకెళ్ళారు. తెరవలేదు కాబట్టి దానికి బదులు ఇంకోటి తీసుకోమన్నారు.

"డెస్క్‌టాపా మేడం?" సేల్స్‌మన్ ఆశ్చర్యపోయాడు. "ఇంట్లో రోజువారీ వాడకానికి లాప్‌టాపే సుఖమండీ. ఎంచక్కా ఇక్కణ్ణుంచి అక్కడికి తీసుకెళ్ళొచ్చు."

కొడుకు నోరు తెరవబోయి, తల్లి వైపు చూసి, మూసుకున్నాడు.

"నేను ఎక్కడికీ వెళ్ళను బాబూ," అంది టీచరమ్మ హాయిగా. "రెండు పేజీలు పక్కపక్కన పూర్తిగా కనిపించే తెర చూపించు. కరెంటు పోతే నేను రాసింది దాచుకునేదాకా ఆగే బ్యాటరీ పెట్టె ఒకటి. ఆటలు ఆడను కాబట్టి వాటికయ్యే హంగులేవీ వద్దు."

తర్వాత వరసగా పెట్టిన కీబోర్డులన్నిటి మీదా ఒక్కొక్క వాక్యం కొట్టి చూసింది. మెత్తగా, చప్పుడు లేకుండా నొక్కుకుపోయేవి ఆవిడకు నచ్చలేదు. బొత్తాలు ఎత్తుగా ఉండి, టకటకమని చప్పుడు చేసేది ఎంచుకుంది.

"ఇది వీధి చివరిదాకా వినిపిస్తుందమ్మా!" అన్నాడు కొడుకు.

"వినిపించనీ. నేను పనిలో ఉన్నానని తెలుస్తుంది."

శనివారానికి బల్ల వచ్చింది. సాదా చెక్క బల్ల, రెండు సొరుగులు. కోడలు ఎంచిన, వెన్నుకి ఆనిక ఉన్న కుర్చీ. కొడుకు బల్ల కింద పాకుతూ తీగలన్నీ కట్టి, కాళ్ళు తగలకుండా గోడకి బిగించాడు. గడియారాలాయన బల్ల కాలు ఒకటి కొంచెం ఊగుతోందని చెక్కముక్క అరగదీసి, దాని కిందికి తోశాడు. ఊగడం ఆగేదాకా వదల్లేదు. పిడుగు సొరుగులు తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి ఎర్ర పెన్సిళ్ళు తనే సర్దింది.

తెర వెలిగింది. టీచరమ్మ కుర్చీలో కూర్చుని, వెనక్కి ఆని, నది పటం తెరిచింది. కొండల్లో పుట్టిన చోటు నుంచి సముద్రంలో కలిసే చోటు దాకా నది మొత్తం ఒక్కసారే కనిపించింది. ఆవిడ చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. వెనక నిలబడ్డ నలుగురూ చప్పుడు చెయ్యలేదు.

"బాణాలు సరిగ్గా ఉన్నాయా?" భర్త మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు ఉన్నాయి," అంది టీచరమ్మ.

ఆ సాయంత్రమంతా ఆవిడ పని చేసింది. పక్క కిటికీ దగ్గర ఆయన గడియారాలు విప్పుకున్నాడు. అప్పుడప్పుడూ ఒకరి భుజం మీంచి ఒకరు మాట్లాడుకున్నారు. కోడలు, కొడుకు వంట చేశారు. ఉప్పు ఎక్కడుందో పిడుగుని అడిగారే గానీ ఆవిడను అడగలేదు. భోజనాలకు వేళయ్యాక కోడలు వచ్చి పిలిచింది.

"వస్తున్నానమ్మా," అని టీచరమ్మ లేచింది. లేస్తూనే ఆవిడ చేతులు అలవాటుగా కాగితాలు దగ్గరికి లాగాయి, అంచులు సరిచేసి దొంతర పెట్టసాగాయి.

కోడలు ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. "ఎందుకత్తయ్యా? ఉండనివ్వండి. ఎవరూ తియ్యరు."

టీచరమ్మ చేతులు ఆగిపోయాయి. సగం లాగిన కాగితాల్ని మళ్ళీ ఇందాకటిలా పరిచింది. చదువుతూ ఆపిన వరస మీద ఎర్ర పెన్సిలు అడ్డంగా పెట్టింది. తెర ఆర్పి, వెళ్ళి అందరితోపాటు భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. అక్కణ్ణుంచి తన బల్ల కనిపిస్తోంది. దీపం వెలుగులో కాగితాలు వదిలినవి వదిలినట్టే ఉన్నాయి.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెంలోకి తల వంచేసింది.

"ఏమైంది? కారం ఎక్కువేశామా?" కొడుకు కంగారుపడ్డాడు.

"లేదు నాన్నా," అంది టీచరమ్మ, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. "రేపు పొద్దున్న ఎక్కడ ఆపానో అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు."